డెబ్బై కిలోల మనిషి

"పెళ్ళయ్యాకే అమ్మా ఇదంతా. పెళ్ళికి ముందు బాగానే ఉండేవాడు."

ఒళ్ళు తగ్గించే ఆపరేషన్ కోసం ఆసుపత్రికి వెళ్ళిన మొదటి రోజున, రక్త పరీక్షల గదిలో చీటీ ఇచ్చి తిరిగొస్తుంటే నా చెవిన పడ్డ మాట ఇది. చెబుతున్నది మా అత్తగారు, రాసుకుంటున్నది నర్సు. ఆ మాటలోని మనిషి నా మొగుడు. ఆ మహానుభావుడు అప్పుడు పక్క గదిలో గొట్టం నోట్లో పెట్టుకుని, ఊపిరి ఎంత బలంగా ఉందో చూపించమంటే చూపిస్తున్నాడు.

నర్సు తలెత్తి నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఇంత ఒళ్ళు రావడానికి ఏం వండి పెట్టిందో ఈవిడ అన్నట్టుంది ఆ చూపు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ హాలు నిండా జనం. అత్తాకోడళ్ళ తగువంటే చెవులు రిక్కించి కూర్చోవడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. నేను వెళ్ళి ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. మా అత్తగారు మాత్రం నా వైపు చూడకుండా, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, గోడకేసి చూస్తూ కూర్చుంది.

ఎందుకంత మండిందో చెప్పాలి. పెళ్ళి నాటికి మా ఆయన ఎలా ఉండేవాడో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. నేను కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేస్తాను. అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి, మనిషి ముఖం మీద సరిగ్గా కూర్చోబెట్టడం నా పని. ఆయన మొదటిసారి మా కొట్టుకి వచ్చినప్పుడు ఉన్న ఫ్రేములన్నీ పెట్టి చూశాను. ఏది పెట్టినా కాడలు చెవుల దాకా అందవు. అందినవి కణతల మీద గాట్లు పెడతాయి. చివరికి ఒకదాన్ని వేడిచేసి, కాడలు వెడల్పుగా వంచి ఇచ్చాను. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు, వదులైందట. ఆ తర్వాత బిగుతైందట. ఇంకోసారి వచ్చినప్పుడు, "మీరు చెప్పేదొకటీ మీ జోడు చెప్పేదొకటీ అండీ" అన్నాను. "జోడుకేం లేదండీ, బ్రహ్మాండంగా ఉంది. మీరు బిగిస్తారని వస్తున్నాను" అన్నాడు ముఖమంతా ఎర్రగా చేసుకుని. ఆ ముఖం చంద్రబింబమే. అలాంటి మనిషిని పట్టుకుని పెళ్ళికి ముందు బాగానే ఉండేవాడంటుందా ఈవిడ?

అదే నోట్సు డాక్టరమ్మ బల్ల మీదికి వెళ్ళింది. ఆవిడ చదువుకుని, "ముప్పై దాటాక మొదలైందన్నమాట" అంది. మా ఆయన వాళ్ళమ్మ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, విషయం అర్థమై పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు.

"అమ్మ చెప్పిందంటే అంతేనండీ" అన్నాడు.

ఇంటికొచ్చాక దులిపేశాను. "అంతేనా? అంతేనా అంటాను! మీ చిన్నప్పటి బడి వాళ్ళని పిలిపించనా?"

"అమ్మ ఎన్నాళ్ళనుంచో పడుతున్న మాటలే కదా. ఒక్కరోజు నీకు పంచింది. పోనిద్దూ."

పడుతున్న మాటలంటే అవీ చెప్పాలి. మా అత్తగారు బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేసేది. శనివారం శనివారం విరిగిన బిస్కెట్లు పనివాళ్ళకి ఇచ్చేసేవారు. ఆవిడ డబ్బా నిండా తెచ్చేది. మా ఆయన బొద్దుగా, ఆ తర్వాత లావుగా, ఆ తర్వాత బడి బెంచీలో పట్టనంత అయ్యేసరికి, చుట్టాలందరూ ఆ డబ్బా వైపు వేలు చూపించారు. నువ్వే మేపావు అన్నారు. మా మామగారు నలభై రెండేళ్ళకే, కుర్చీలో కూర్చుని పేపరు చదువుతూ పోయారు. ఆయనదీ అదే ఒళ్ళు. ఆ రోజున కూడా ఎవరో ఆవిడ వెనకాలే, "మొగుడి పని అయింది, ఇక కొడుకు వంతు" అన్నారట. అలాంటి మాటలు మోసి మోసి ఒకరోజు నా నెత్తిన దించేసిందని నేను అనుకున్నాను. అర్థం చేసుకున్నాను గానీ, కోపం మాత్రం పోలేదు. అర్థమైనంత మాత్రాన పోయే కోపం కాదు నాది.

కోపం కన్నా భయం పెద్దది. మా ఆయనకి నలభై దగ్గరపడింది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని డాక్టరమ్మ పరీక్ష చేయించి మరీ చెప్పింది. సుగరు మందులు ఒకటి రెండయ్యాయి, రెండు మూడయ్యాయి. ఆయన లిఫ్టు మెకానిక్కు. లిఫ్టు కింద ఒక గుంట ఉంటుంది, అందులోకి దిగి స్ప్రింగులు చూడాలి. ఆ గుంటలోకి ఆయన దిగలేక ఎన్నాళ్ళో అయింది. తోటివాళ్ళు ఆయన్ని 'ఓవర్‌లోడు' అని పిలుస్తారు. ఆయన లిఫ్టెక్కగానే, "ఆరుగురు పట్టే లిఫ్టు, ఇంకో నలుగురు రండి" అని తనే అందరికన్నా ముందు జోకు వేస్తాడు. మెట్లెక్కి ఇంటికొచ్చి, గోడకి చెయ్యి ఆనించి నిలబడి, మాట రాక వేలు చూపిస్తాడు, ఒక్క నిమిషం ఆగమని. ఆ నిమిషంలో నా పైప్రాణాలు పైనే పోయేవి. మామగారి వయసు రాకముందే ఈయన్ని గట్టెక్కించాలి. మా ఇంట్లో అందరి గుండెల్లోనూ ఉన్న మాట అదొక్కటే, పైకి అనేవాళ్ళే లేరు.

ఆపరేషన్ అయింది. నాకు దాని గురించి పెద్ద తెలివితేటలు లేవు. కడుపుని చాలావరకు తీసేసి, అరటికాయంత వదిలారు. ఆపరేషన్ గది తలుపు తెరుచుకుని డాక్టరమ్మ బయటికి వచ్చి, ముఖానికున్న గుడ్డ కిందికి లాగి, "బాగా జరిగింది" అన్నప్పుడు నేను ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆవిడే నెమ్మదిగా విడిపించుకుంది. ఇవాళ్టికీ ఆ చెయ్యి తలుచుకుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి. మత్తిచ్చిన ఆయన, కట్టు మార్చిన అమ్మాయి, మర్నాడే పట్టుబట్టి నడిపించిన ఆ పొట్టి నర్సు, వీళ్ళెవరి పేర్లూ నాకు తెలియవు. ఎక్కడున్నా వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, ప్రతి వారం ఒక కొత్త సంగతి. చిన్న గిన్నెలో చారెడు పెడితే అదే ఎక్కువయ్యేది. చెంచా చెంచాకీ ఆగి, కబుర్లు చెప్పి, మళ్ళీ చెంచా. బెల్టుకి బెజ్జాలు చాలక నేనే కొట్టులోని సన్న డ్రిల్లుతో కొత్త బెజ్జాలు వేసిచ్చాను. ఒక పొద్దున గదిలోంచి "ఇలా రా, ఇలా రా" అని కేకలు. ఏమైందోనని పరుగెత్తాను. మంచం మీద కూర్చుని, వంగి, బూటు లేసు కట్టుకుంటున్నాడు. "చూడు, నా పాదం నాకు కనిపిస్తోంది. బాగానే ఉందే, నా పోలికే" అన్నాడు. నవ్వి నవ్వి నాకు కడుపునొప్పి వచ్చింది. సుగరు మందులు రెండు ఆపేశారు. రాత్రుళ్ళు ముక్కుకి తగిలించుకుని పడుకునే ఊపిరి మిషను పెట్టెలోకి చేరింది. గుంటలోకి దిగిన రోజున తోటివాళ్ళు చప్పట్లు కొట్టారట. ఆయన పైకి రాకుండా కావాలని అక్కడే ఇంకాసేపు కూర్చున్నాడట, మళ్ళీ ఎవరన్నా దించరేమోనని.

కళ్ళజోడు జారిపోవడం మొదలైంది. కాడలు మళ్ళీ లోపలికి వంచాను. ఎన్నిసార్లు వంచానో, వంచిన ప్రతిసారీ నాకు పెళ్ళికి ముందు రోజుల్లో ఉన్నట్టే ఉండేది.

మా అత్తగారు పెద్దగా ఏమీ అనేది కాదు. కొడుకు మెట్లెక్కి వస్తుంటే తలుపు దగ్గర నిలబడేది. గోడకి చెయ్యి ఆనించకుండా లోపలికి వచ్చేస్తే, "వచ్చావా" అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అంతే. ఆ "వచ్చావా"లో ఎంత సంతోషం ఉండేదో నాకు వినిపించేది.

ఇంత బాగా జరుగుతున్నప్పుడు ఒక పచ్చగీత అడ్డం వచ్చింది.

ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే అమ్మాయి ఉంది. మంచి పిల్ల. కళ్ళజోడు మాత్రం ముక్కు చివరికి జారిపోతూ ఉంటుంది, ముక్కు మీద ఆనే ప్యాడ్లు అరిగిపోయాయి, చూస్తుంటే నా చేతులు దురద పెట్టేవి. వెళ్ళిన ప్రతిసారీ ఆ పిల్ల బరువు చూసి కంప్యూటర్లో ఎక్కించేది. తెర మీద మా ఆయన బరువు ఎర్రగీతగా కిందికి దిగేది. అడుగున ఒక పచ్చగీత, అది చేరాల్సిన చోటు. డెబ్బై కిలోలు. డాక్టర్లు లెక్కలు కట్టి పెట్టి ఉంటారని మేమెవరమూ అడగలేదు. నూట యాభైకి దగ్గర్లో మొదలైన ఎర్రగీత చకచకా దిగి, నూట ఐదు దగ్గరికొచ్చి ఆగిపోయింది. నెల, రెండు నెలలు, మూడు. గీత అడ్డంగా పడుకుంది, లేవదు, దిగదు.

"ఇంకా చాలా ఉంది కదండీ" అంది ఆ పిల్ల పచ్చగీత మీద వేలు పెట్టి. "పెళ్ళయ్యాక వచ్చిన బరువే కదా, మామూలుగా ఇంకా దిగాలి. ఏమీ అనుకోకండి, మధ్యమధ్యలో ఏమైనా తింటున్నారా? ఇంట్లో తెలియకుండా?"

మా ఆయన తప్పు చేసిన పిల్లాడిలా నేల చూపులు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే ఆ చూపు చూసి, నాకూ ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

అనుమానం ఇంట్లోకి వచ్చిందంటే మనతో పాటే కూర్చుని భోంచేస్తుంది. ఆయన ఆలస్యంగా వస్తే ఎక్కడాగారని అడిగేదాన్ని. చొక్కా ఉతికేముందు జేబులు చూసేదాన్ని. ఆయనకి తెలుసు.  జోకులు తగ్గాయి. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు పని ఉందన్నాడు. ఆ తర్వాతి సారి కూడా పనే. వేసుకోవాల్సిన మాత్రల సీసా నిండుగానే ఉండిపోయింది.

"మాత్రలెందుకు వేసుకోవడం లేదు?" అని నిలదీశాను, వంటింటి గుమ్మంలో.

"వేసుకుంటే ఏమవుతుంది? వాళ్ళు చెయ్యాల్సింది వాళ్ళు చేశారు. అందరికీ పనిచేసేది నాకు చెయ్యలేదు. నాలోనే ఏదో లోపం." అని చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఇంతే నా ఒళ్ళు. ఉన్నన్నాళ్ళు ఉంటుంది" అన్నాడు.

పొయ్యి దగ్గర మా అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఆయన వెళ్ళిపోయాక పొయ్యి కట్టేసి, నా దగ్గరికొచ్చి నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"వాళ్ళ నాన్న ఇదే మాట అన్నాడు. ఇవే మాటలు. ఆ ఏడే పోయాడు" అంది. "అమ్మాయ్, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. వాణ్ణి కూడా రమ్మను. నేను ఒక మాట చెప్పాలి."

"ఏం మాట అత్తయ్యా?"

"అక్కడే చెబుతాను. ఇక్కడ చెబితే నువ్వు నన్ను తిడతావు."

మొగుణ్ణి ఎలా బయల్దేరదీశానో ఆ భగవంతుడికే తెలియాలి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులన్నాను, మీరు తోడు రాకపోతే కుదరదన్నాను, చివరికి ఏడుపు ముఖం కూడా పెట్టాను. వచ్చాడు. డాక్టరమ్మ గదిలో ముగ్గురం కూర్చున్నాం. తిండి సంగతుల అమ్మాయి కూడా ఒక పక్కన నిలబడింది. తెర మీద మళ్ళీ ఆ రెండు గీతలు.

మా అత్తగారు ఉపోద్ఘాతం ఏమీ పెట్టుకోలేదు. "అమ్మా, ఆ డెబ్బై నేను చెప్పిందే" అంది.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. మాకూ కాలేదు.

"మొదటి రోజున నర్సమ్మ అడిగింది, పెళ్ళికి ముందు బరువెంత ఉండేవాడని. నాకు నోటికొచ్చింది చెప్పేశాను. డెబ్బై అన్నాను. ఒడ్డూ పొడుగూ ఉన్న మగవాడు అంతుంటాడు కదా అని. వాడు డెబ్బై కిలోలున్నది ఏనాడో బళ్ళో చదివేటప్పుడు. ఇంకా మీసం కూడా రాలేదు."

మా ఆయన నోరు తెరుచుకుని వాళ్ళమ్మనే చూస్తున్నాడు. "అమ్మా!" అన్నాడు.

"ఆగరా. పెళ్ళయ్యాక లావయ్యాడన్నదీ అబద్ధమే. ఈ పిల్ల పాపం మహాతల్లి. దానిమీద వేశాను." అంటూ నా చెయ్యి తడిమింది. ఇన్నేళ్ళలో ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. "ఆ రోజు హాల్లో నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఆవిడ చెప్పింది, చిన్నప్పటి నుంచి ఉన్న ఒళ్ళయితే ఈ ఆపరేషను పట్టదట, అలాంటివాళ్ళని చెయ్యకుండా వెనక్కి పంపేస్తారట. వాళ్ళ మేనల్లుణ్ణి అలాగే పంపేశారట. నా గుండెల్లో రాయి పడిందమ్మా. వీణ్ణి కూడా పంపేస్తే నేను ఎక్కడికి తీసుకెళ్ళేది? అప్పుడే నర్సమ్మ పిలిచి, ఎప్పటి నుంచి అని అడిగింది. అబద్ధమాడేశాను."

తన మీది నింద నా మీదికి తోసెయ్యడానికి అన్న మాట కాదన్నమాట అది. నేను ఏడాదిన్నర పాటు కడుపులో పెట్టుకుని పెంచిన కోపానికి కాళ్ళు విరిగిపోయాయి. ఆవిడ నన్ను చూడకుండా గోడకేసి ఎందుకు కూర్చుందో ఇప్పుడు తెలిసింది. కొడుకుని ఆ ఆపరేషన్ బల్ల ఎక్కించడానికి ఏ అబద్ధమైనా ఆడేది ఆవిడ. ఆవిడ చోట నేనున్నా ఆడేదాన్ని, ఇంకా పెద్దది ఆడేదాన్ని.

డాక్టరమ్మ తెర వైపు నుంచి కుర్చీ తిప్పి ఆవిడకి ఎదురుగా కూర్చుంది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"పెద్దమ్మా, చిన్నప్పటి నుంచి ఉన్నా చేస్తాం. ఆ మేనల్లుడి సంగతి నాకు తెలియదు, వేరే కారణమేదో ఉండి ఉంటుంది. నిజం చెప్పినా మీ అబ్బాయికి చేసేదాన్ని" అంది. "ఇప్పుడు చెప్పండి. ఎప్పటి నుంచి?"

"మూడో ఏడు నుంచి."

"ఎలా ఉండేవాడు?"

"తిన్న కంచం తియ్యకముందే ఆకలని ఏడ్చేవాడు. మారాం అనుకుని కొట్టాను కూడా. అలమరకి తాళం వేశాను. తాళం ముందు కూర్చుని ఏడ్చేవాడు. చుట్టాలేమో నేను మేపుతున్నాననేవాళ్ళు. ఏం చెప్పను? ఫ్యాక్టరీ నుంచి బిస్కెట్లు తెచ్చిన మాట నిజమే కదా. పిల్లలు సంబరపడతారని తెచ్చేదాన్ని. నా చేతులారా..." అని ఆగిపోయింది.

"ఇంకా పిల్లలున్నారా మీకు?"

"ఒకమ్మాయి. వీడికన్నా పెద్దది."

"ఆవిడెలా ఉంటుంది?"

దీనికి మా ఆయనే అందుకున్నాడు. "మా అక్కా? అగ్గిపుల్ల అంటామండీ. గాలి వీస్తే ఒకళ్ళు పట్టుకోవాలి."

"ఆవిడ కూడా ఆ బిస్కెట్లు తినేదా?"

"తినేదా!" అంది మా అత్తగారు, పాత రోజుల్లోకి వెళ్ళిపోయి. "వీడి చేతిలోవి కూడా లాక్కుని తినేది దొంగముండ. డబ్బాలో సగం దానికే..."

మాట అక్కడ ఆగింది.  తిండి సంగతుల అమ్మాయి జారిన కళ్ళజోడు పైకి నెట్టుకోవడం కూడా మరిచిపోయింది.

"ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే డబ్బా" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "తేడా మీ చేతిలో లేదు పెద్దమ్మా. కొంతమందికి కడుపు నిండిందన్న కబురు తలకి చేరదు. పుట్టుకతోనే అలా ఉంటుంది. అంత చిన్నప్పుడే, అంత ఆకలితో మొదలైందంటే నేను ముందు అనుకునేది అదే. రక్తపరీక్ష ఒకటి చేయిస్తాను, అందులో దొరికితే దొరుకుతుంది, దొరక్కపోవచ్చు కూడా. కానీ అలమర ముందు కూర్చుని ఏడ్చిన పిల్లాడిది మారాం కాదు. వాడికి నిజంగానే ఆకలేసింది."

మా ఆయన తల దించుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను వీపు మీద చెయ్యి వేశాను.

డాక్టరమ్మ ఆయన్ని అడిగింది. "ఈ మధ్య ఆకలి మళ్ళీ మొదలైందా?"

"అయిందండీ."

"చెప్పలేదేం?"

"ఆపరేషన్ అయ్యాక కూడా ఆకలేస్తే... తప్పు నాదనుకున్నానండీ. దాచుకుని మాత్రం ఏమీ తినలేదు. ఆకలేస్తే నీళ్ళు తాగి ఊరుకున్నాను."

"తప్పు కాదు. దానికి ఇవ్వడానికి మందులున్నాయి, కడుపు చిన్నది చేశాక కూడా ఇస్తాం. మీరు చెబితేనే నాకు తెలిసేది" అని తెర వైపు తిరిగింది. "మధ్యలో లావైనవాళ్ళకి పాత బరువంటూ ఒకటుంటుంది. అటు చూసుకుని లెక్కేస్తాం. మీకు పాత బరువే లేదు. లేని మనిషిని పక్కన నిలబెట్టి, వాడంత కాలేదేమని మిమ్మల్ని అడుగుతూ వచ్చాం. మీరు మీ బరువులో మూడో వంతుకి దగ్గర దించారు. మూడో ఏటి నుంచి ఉన్న ఒళ్ళతో ఇది చాలా మంచి ఫలితం. నేనే మీ గురించి పదిమందికి చెప్పుకుంటాను."

అంటూ ఏవో మీటలు నొక్కింది. పచ్చగీత మాయమైపోయింది. ఎర్రగీత ఒక్కటే మిగిలింది, అంత ఎత్తు నుంచి ఇంత కిందికి. ఒంటరిగా చూస్తే అదెంత దూరం దిగిందో అప్పుడు కనిపించింది నాకు.

తిండి సంగతుల అమ్మాయి మా ఆయన దగ్గరికొచ్చి, "నన్ను క్షమించండి, ఆ రోజు అలా అడిగాను" అంది. "అయ్యో, నువ్వేం చేస్తావమ్మా, మా అమ్మ ఇచ్చిన లెక్క అది. మా అమ్మ నేర్పిన లెక్కలతోనే నేను బళ్ళో మూడుసార్లు తప్పాను" అన్నాడాయన ముక్కు ఎగబీలుస్తూ. ఎన్ని నెలల తర్వాతో వచ్చిన జోకు. నేను అక్కడే ఆయన్ని ముద్దుపెట్టుకునేదాన్ని, అత్తగారు లేకపోతే.

అందరం లేచాం. మా అత్తగారు లేవలేదు. చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని, ఏదో కూడబలుక్కుంటున్నట్టు కూర్చుంది.

"అత్తయ్యా, వెళ్దామా?"

"ఉండు." డాక్టరమ్మ వైపు చూసింది. "అమ్మా, వీళ్ళ నాన్నది కూడా ఇదే ఒళ్ళు. చిన్నప్పటి నుంచీనట. పాలగ్లాసు ఖాళీ అయితే వీధి వీధంతా వినబడేలా ఏడ్చేవాడని మా అత్తగారు చెప్పేది. నేను కాపురానికి వచ్చేసరికే మనిషి అంతుండేవాడు."

డాక్టరమ్మ మళ్ళీ కూర్చుంది. "అయితే ఆయన దగ్గర నుంచే వచ్చి ఉంటుంది" అంది.

"మరి ఆయన..." మా అత్తగారి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నేను ఆవిడ ఏడవగా ఎప్పుడూ చూడలేదు. మామగారి మాట వచ్చినా, చుట్టాలు ఎన్ని అన్నా, కళ్ళు తడి చేసుకునే మనిషి కాదు. "మరి ఆయన పోయింది నా చేతి వంట తిని కాదా?"

"కాదు పెద్దమ్మా."

బయట హాల్లో ఎవరి పేరో పిలుస్తున్నారు. మా తర్వాత చూపించుకోవాల్సిన వాళ్ళు తలుపు కొంచెం తీసి తొంగిచూసి మళ్ళీ మూసేశారు. డాక్టరమ్మ అటు చూడలేదు.

"ఇంకోసారి చెప్పమ్మా" అంది మా అత్తగారు.

డాక్టరమ్మ ఆవిడ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఆపరేషన్ రోజున నేను పట్టుకుని వదలని చేతులే అవి. ఈసారి ఆవిడే పట్టుకుంది.

"మీ వంట వల్ల కాదు. మీరు వాళ్ళకి తిండి పెట్టారు, అంతే."

మా అత్తగారు తల ఊపింది. కళ్ళు తుడుచుకోలేదు. అలా కాసేపు ఊపుతూనే ఉండి, కొడుకు చెయ్యి అందిస్తే పట్టుకుని లేచింది.